కాన్పుగదిలో గడియారం

1935వ సంవత్సరంలో కైరో నగరంలో డెర్రీ అనే శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఒక మమ్మీని పరీక్షించినాడు. నైలు నదికి పడమటి ఒడ్డున, దేర్ ఎల్ బహ్రీ అనేచోట, మెంటుహోటెప్ రాజు సమాధి ఆలయంలో దొరికిన మమ్మీ అది. ఆ స్త్రీ పేరు హెన్‌హెనిత్. రాజాంతఃపురానికి చెందినది, మరణించేనాటికి ఇరవై రెండేండ్ల ప్రాంతం వయస్సుండవచ్చునని అంచనా. ఆమె జీవించినది క్రీస్తుకు పూర్వం సుమారు 2050లో. డెర్రీకి ఆమె శరీరంలో మూత్రాశయానికీ యోనిమార్గానికీ నడుమ ఒక పెద్ద రంధ్రం కనిపించినది. కటివలయం, అంటే నడుము క్రింది ఎముకల వలయం, మామూలు ఆకారంలో లేక ఇరుకుగా ఉన్నది. ఆ ఇరుకులో బిడ్డ తల చిక్కుకొన్నది. దాని ఫలితమే ఆ రంధ్రం.

నాలుగువేల ఏండ్లనాటి ఈ గాయం భూమిమీదినుండి ఇంకా తొలగిపోలేదు. వైద్యులు దీనిని ఫిస్టులా అంటారు. శరీరంలో రెండు కుహరాల నడుమ ఉండవలసిన గోడకు చిల్లుపడి, ఒకదానిలోనిది మరొకదానిలోకి కారడం అని దాని అర్థం. కాన్పువల్ల ఫిస్టులా వచ్చిన స్త్రీకి మూత్రం, కొందరికి మలం కూడా, రాత్రింబవళ్ళు తెలియకుండానే కారుతూ ఉంటుంది. చర్మం ఒరుసుకొనిపోతుంది. వాసనకు ఇంటిలోనివారే దూరంగా జరుగుతారు. చాలామందిని భర్తలు విడిచిపెట్టినారు. ప్రపంచంలో సుమారు ఐదులక్షలమంది స్త్రీలు నేడు ఈ బాధతో ఉన్నారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా వేసినది. వారిలో అధికసంఖ్యాకులు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనూ, దక్షిణాసియాలోనూ ఉన్నారు. ఐరోపా, ఉత్తర అమెరికాలలోనైతే కాన్పువల్ల కలిగిన ఫిస్టులాను తన జీవితంలో ఒక్కసారీ చూడని ప్రసూతి వైద్యులు ఎందరో ఉన్నారు. బిడ్డను కనే విధానం మానవజాతికంతటికీ ఒక్కటే గదా, మరి ఈ భేదం ఎక్కడినుండి వచ్చినది?

దీనికి సమాధానం తెలియాలంటే గాయం ఏర్పడే తీరు ముందుగా తెలియాలి. విద్యార్థులు ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చును. బొటనవ్రేలి గోటిని గట్టిగా నొక్కిపట్టితే గోటిక్రింది భాగం తెల్లబడుతుంది. వదిలితే మరల ఎర్రబడుతుంది. నొక్కినంతసేపూ అక్కడికి నెత్తురు రాలేదన్నమాట. కొన్ని క్షణాలైతే ఏమీ కాదు. అదే ఒత్తిడి గంటలతరబడి ఉంటే ఆ భాగం చచ్చిపోతుంది. అడ్డుపడిన కాన్పులో జరిగేది ఇదే. తల్లి కటివలయానికి ముందువైపు ఎముక ఉన్నది. దానికి వెనుకగా మూత్రాశయం, దాని వెనుక యోనిమార్గం. బిడ్డ తల ముందుకు పోలేక అక్కడ ఆగినప్పుడు, కొద్ది నిమిషాలకొకసారి వచ్చే నొప్పులు ఆ తలను ఎముకవైపు నెట్టుతూనే ఉంటాయి. రెండు గట్టి వస్తువుల నడుమ మెత్తని మూత్రాశయపు గోడ నలుగుతుంది. ఒక పగలు, ఒక రాత్రి, మరొక పగలు ఇలా గడుస్తాయి. చాలా సందర్భాలలో బిడ్డ లోపలనే మరణిస్తుంది. మరణించిన తరువాత తల మెత్తబడి బయటికి వస్తుంది. తల్లి బ్రతికినదని అందరూ ఊపిరి పీల్చుకొంటారు. కొద్దిరోజులకు చచ్చిన కండ ఊడిపోయి రంధ్రం పడుతుంది. పక్క తడిసిపోవడం మొదలౌతుంది. కాలి నరాలుకూడా నలిగి, పాదం ఎత్తలేక ఈడ్చుకొంటూ నడిచేవారున్నారు.

కనుక ఇది చాలామంది అనుకొనేట్లు ఉన్నట్టుండి పడిన చీలిక కాదు. నెత్తురందక కండ చావడంవల్ల వచ్చిన గాయం. బిడ్డ పెద్దదైనా, ఎముకలు ఇరుకైనా, బిడ్డ అడ్డం తిరిగినా కాన్పు ఆగవచ్చును. ఆగిన కాన్పును గాయంగా మార్చేది మాత్రం గడిచిన కాలం. ఈ సంగతి ఇంత సులభంగా కనిపిస్తున్నా, వైద్యశాస్త్రం దీనిని గుర్తించి, దానికి తగిన పనిముట్టును తయారుచేసుకొనడానికి చాలా శతాబ్దాలు పట్టినది.

ప్రాచీనులకు అడ్డుపడిన కాన్పు తెలియనిది కాదు. మన సుశ్రుతసంహితలో దీనిని మూఢగర్భమనే పేరుతో వర్ణించినారు. పదకొండవ శతాబ్దపు పారశీక వైద్యుడు ఇబ్న్‌సీనా (పాశ్చాత్యులు అవిసెన్నా అంటారు) మరొక అడుగు ముందుకు వేసినాడు. చిన్నవయస్సులో పెండ్లియైన బాలికలకు గర్భం రాకుండా చూడవలసినదని, వస్తే మూత్రాశయం చిల్లుపడి ఆ బాధ చచ్చేవరకూ తీరదని అతడు వైద్యులను హెచ్చరించినాడు. పదమూడు పదునాలుగేండ్ల పిల్ల ఎత్తు పెరగడం ఆగినా ఆమె కటివలయం పూర్తిగా ఎదిగి ఉండదని నేడు మనకు తెలుసు. తిండి చాలని పిల్లలలో ఆ ఎదుగుదల ఇంకా ఆలస్యమౌతుంది. నివారణ గురించి ఇంత స్పష్టంగా చెప్పిన మాట ఆ తరువాత ఎనిమిదివందల ఏండ్లవరకు అరుదుగానే వినిపించినది. అందరి దృష్టీ పడిన రంధ్రాన్ని పూడ్చడంమీదికి మళ్ళినది. 1663లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు వాన్ రూన్‌హైజ్ అంచులను చెక్కి కలిపి ఉంచే పద్ధతిని వ్రాసిపెట్టినాడు. ఆ తరువాత ప్రయత్నించినవారిలో ఎక్కువమందికి నిరాశే మిగిలినది. కుట్టు వేసినచోట చీముపట్టి, వారం తిరగకముందే విడిపోయేది.

ఈ చరిత్రలో అందరూ చెప్పే పేరు మారియన్ సిమ్స్. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మాంట్‌గొమరీ పట్టణ వైద్యుడు. 1845లో పదిహేడేండ్ల బానిస బాలిక ఒకామెకు మూడురోజులు కాన్పు అడ్డుపడితే అతనిని పిలిపించినారు. ఆమె పేరు అనార్కా. కొద్దిరోజులలో ఆమెకు ఫిస్టులా ఏర్పడినది. బెట్సీ, లూసీ అనే మరి ఇద్దరు బానిస స్త్రీలుకూడా అదే బాధతో అతనివద్దకు వచ్చినారు. వచ్చినారనడంకంటే వారి యజమానులు పంపినారనడం సరి. సిమ్స్ తన ఇంటి పెరటిలోని చిన్న ఆసుపత్రిలో వారిని ఉంచి నాలుగేండ్లు శస్త్రచికిత్సలు చేసినాడు. మొదటిది లూసీకి. పదిపన్నెండుమంది వైద్యులు చుట్టూ నిలిచి చూస్తూ ఉండగా జరిగినది. మూత్రం పోవడానికి లోపల ఉంచిన స్పంజివల్ల ఆమెకు విషజ్వరం వచ్చి, కోలుకొనడానికి నెలలు పట్టినది. అనార్కాకు ముప్పైసార్లు చేసినారు. ముప్పైయవసారి, 1849లో, పట్టుదారానికి బదులు కంసాలిచేత సన్నగా తీయించిన వెండితీగతో కుట్టినాడు. ఆ కుట్టు నిలిచినది.

1846లో బోస్టన్ నగరంలో ఈథరు ఇచ్చి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేసి చూపినారు. ఈ స్త్రీలకు మాత్రం మత్తుమందు ఇవ్వలేదు. చూడవచ్చిన వైద్యులు విసిగి రావడం మానిన తరువాత, ఆ స్త్రీలే ఒకరికొకరు కాళ్ళూ చేతులూ పట్టుకొని, పనిముట్లు అందించి సహాయపడినారు. వారు సమ్మతించినారని సిమ్స్ తరువాత వ్రాసుకొన్నాడు. వారి మాటగా మనకు ఒక్క వాక్యమైనా మిగలలేదు. కాదనే స్వాతంత్ర్యం లేనివారి ఔను అనే మాటకు విలువెంత అన్నది పాఠకులే ఆలోచించుకోవచ్చును. న్యూయార్కు సెంట్రల్ పార్కు అంచున నిలిచిన సిమ్స్ విగ్రహాన్ని 2018 ఏప్రిల్‌లో తొలగించినారు. వెండితీగ కుట్టు నిజంగా గొప్ప ముందడుగే. దానికి వెల చెల్లించినది ఎవరో చెప్పకుండా ఆ పాఠం చెప్పడం సరికాదని నా అభిప్రాయం.

సిమ్స్ 1855లో న్యూయార్కులో స్త్రీల ఆసుపత్రిని స్థాపించినాడు. అతని తరువాత అక్కడ పనిచేసిన ఎమెట్ అనే వైద్యుని పేరు అంతగా వినపడదు గాని, మన విషయానికి అతడే ముఖ్యుడు. ఫిస్టులాతో వచ్చిన స్త్రీల కాన్పు వృత్తాంతాలను అతడు ఓపికగా సేకరించి వ్రాసి ఉంచినాడు. పట్టకారువంటి ఫోర్సెప్స్ అనే పనిముట్టుతో బిడ్డను లాగడమే ఈ గాయాలకు కారణమని ఆనాడు చాలామంది నమ్మేవారు. ఎమెట్ లెక్కలు వేరుగా చెప్పినవి. పనిముట్టు వాడడంవల్ల వచ్చిందని నిస్సందేహంగా చెప్పదగిన ఫిస్టులా ఒక్కటికూడా అతనికి కనిపించలేదు. ఆలస్యమే కారణమని, ఇంకా ముందుగా సహాయం చేసి ఉంటే గాయం తప్పేదని అతడు తేల్చినాడు.

ఆలస్యాన్ని తగ్గించే సాధనాలు పాశ్చాత్య దేశాలలో తరువాతి డెబ్బదియేండ్లలో ఒక్కొక్కటిగా వచ్చి చేరినవి. చేతులూ పనిముట్లూ శుభ్రంగా ఉంచుకొనడం వైద్యులకు అలవాటైనది. 1882లో జర్మన్ వైద్యుడు సేంగర్ సిజేరియన్ శస్త్రచికిత్సలో గర్భాశయాన్ని జాగ్రత్తగా కుట్టే పద్ధతిని ప్రకటించినాడు. అంతవరకు ఆ శస్త్రచికిత్స తల్లికి దాదాపు మరణశిక్షవంటిదే. తరువాత రక్తం ఎక్కించడం, పెనిసిలిన్ వచ్చినవి. డి విటమిన్ సంగతి తెలిసి, ఎముకలను వంకరచేసే రికెట్స్ వ్యాధి తగ్గినది. రోడ్లు పడినవి, టెలిఫోన్లు వచ్చినవి. వీటిని సాధారణంగా వైద్యచరిత్రలో చేర్చరు గాని చేర్చవలసినదే. క్రమంగా రోగులే రావడం మానినారు. ఆ స్త్రీల ఆసుపత్రి ఉండిన స్థలంలో నేడు వాల్డార్ఫ్ ఆస్టోరియా అనే పెద్ద హోటలున్నది.

ఆఫ్రికాలో రోగులు రావడం మానలేదు. 1959లో ఆస్ట్రేలియా వైద్యురాలు కేథరిన్ హామ్లిన్, న్యూజీలండునుండి వచ్చిన ఆమె భర్త రెజినాల్డ్ హామ్లిన్ ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబా చేరినారు. అక్కడి ఆసుపత్రిలో ప్రసూతి నర్సులకు పాఠశాల పెట్టడం వారికప్పగించిన పని. ఒప్పందం మూడేండ్లకు. ఫిస్టులా వారిద్దరూ అంతకుముందు చూడనేలేదు. కొండలు దాటి, రోజులతరబడి నడిచి, బస్సులో తోటి ప్రయాణీకులచేత తిట్లుతిని వచ్చే ఆ స్త్రీలను చూసిన తరువాత వారు ఆ శస్త్రచికిత్సను పుస్తకాలనుండి నేర్చుకొన్నారు. కైరోలో జీవితకాలం ఈ పనికే వెచ్చించిన నగీబ్ మహ్‌ఫూజ్ పాషా రచనలు అందులో ముఖ్యమైనవి. (ఈయన వైద్యుడు. నోబెల్ బహుమతి పొందిన నవలాకారుని కాన్పు కష్టమైనప్పుడు తల్లినీ బిడ్డనూ కాపాడినది ఈయనే. అందుకే ఆ బిడ్డకు ఈయన పేరు పెట్టినారు.) 1974లో హామ్లిన్ దంపతులు ఫిస్టులాకే ప్రత్యేకంగా ఒక ఆసుపత్రిని తెరిచినారు. మూడేండ్లకని వచ్చినవారు జీవితాంతం అక్కడే ఉండిపోయినారు. రెజినాల్డ్ 1993లో, కేథరిన్ 2020 మార్చిలో మరణించినారు. అరవైవేలకు పైగా స్త్రీలకు ఆ సంస్థలో చికిత్స జరిగినది.

ఆ ఆసుపత్రికి వచ్చినవారిలో మామితు గాషే ఒకామె. చదువు లేదు. తొలికాన్పులో బిడ్డ పోయి, తీవ్రమైన గాయాలతో యౌవనంలోనే వచ్చినది. చికిత్స తరువాత అక్కడే ఉండి పక్కలు సర్దేది, రోగులను ఓదార్చేది. తరువాత శస్త్రచికిత్స గదిలో పనిముట్లు అందించసాగినది. చూచి చూచి నేర్చుకొని, చివరకు తానే కుట్లు వేసే స్థితికి వచ్చి, ఇతర దేశాలనుండి వచ్చిన పట్టభద్రులైన వైద్యులకు నేర్పినది. 1989లో లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్ హామ్లిన్ దంపతులతోపాటు ఆమెకుకూడా స్వర్ణపతకమిచ్చినది. అనార్కా, బెట్సీ, లూసీలు పనిముట్లు అందించిన నూటనలభై ఏండ్లకు వచ్చిన పతకమది.

అయితే ఎంత నేర్పుతో కుట్టినా కుట్టడం నివారణ కాదు. ఒక స్త్రీని నయంచేసి పంపేలోగా మరొక స్త్రీ ఎక్కడో కొండ గుడిసెలో రెండవరోజు నొప్పులు పడుతూ ఉంటుంది. కాన్పు ఆలస్యమౌతున్నదని సకాలంలో తెలుసుకొనేది ఎట్లా? ఎంతసేపైతే ఆలస్యం? ఈ ప్రశ్నకు జవాబు హైస్కూలు విద్యార్థికి పరిచయమైన వస్తువులో దొరికినది. అది గ్రాఫ్ కాగితం.

1954లో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ అనే యువవైద్యుడు తొలిచూలు స్త్రీలు నూరుమంది కాన్పులను గ్రాఫులుగా గీసినాడు. అడ్డంగా గంటలు, నిలువుగా గర్భాశయ ద్వారం తెరుచుకొన్న వెడల్పు సెంటీమీటర్లలో. పది సెంటీమీటర్లు తెరుచుకొంటే బిడ్డ తల బయటికి రావడానికి దారి ఏర్పడినట్లు. రేఖ మొదట నెమ్మదిగా ప్రాకి, తరువాత నిటారుగా లేచినది. కాన్పుకుకూడా ఒక వేగమున్నదని, దానిని కొలవవచ్చునని అప్పుడు తెలిసినది.

దీనిని పేదదేశాల అవసరానికి మలచినవారు ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు వైద్యులు. నాటి రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, పనిచేసేవారు. వారికి వైద్యులు తక్కువ. చుట్టుప్రక్కల చిన్న ప్రసూతి కేంద్రాలలో ఉన్నది నర్సులే. ఏ తల్లిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో ఆ నర్సు తానే నిర్ణయించుకోవాలి. వారు 624 మంది తొలిచూలు స్త్రీల కాన్పులను పరిశీలించి 1972లో తమ పద్ధతిని ప్రకటించినారు. కాన్పు బాగా సాగే దశలో గంటకు ఒక సెంటీమీటరు చొప్పున పైకి పోయే వాలురేఖ ఒకటి గీసినారు. అది హెచ్చరికరేఖ. దానికి సమాంతరంగా నాలుగుగంటల అవతల మరొక రేఖ. అది చర్యరేఖ. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లమీద గీసి చూపవచ్చును. ఉదయం ఆరుగంటలకు ద్వారం నాలుగు సెంటీమీటర్లున్నదనుకొందాం. హెచ్చరికరేఖ ప్రకారం పదిగంటలకు ఎనిమిది కావాలి, పన్నెండుగంటలకు పది. పదిగంటలకు చూస్తే ఆరే ఉన్నది. చుక్క రేఖకు కుడిప్రక్కకు జరిగినది. నర్సు వెంటనే బండి కట్టించాలి.

రెండురేఖల నడుమ ఆ నాలుగుగంటలు ఎందుకో గమనించినారా? అది ప్రయాణానికి విడిచిన గడువు. తల్లి పెద్దాసుపత్రికి చేరాలి, వైద్యుడు చూడాలి, సిజేరియన్ అవసరమైతే ఏర్పాట్లు జరగాలి. ఇదంతా చర్యరేఖ తాకేలోపల. సుఖంగా పట్నంలో కూర్చొని ఆలోచించినవాడికి ఈ నాలుగుగంటలు తోచవు. దారి దూరమెంతో తెలిసినవాడు మాత్రమే గీయగల రేఖ అది.

ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని 1990, 1991 సంవత్సరాలలో ఇండోనీషియా, థాయిలాండు, మలేషియాలలోని ఎనిమిది ఆసుపత్రులలో పరీక్షించినది. 35,484 మంది స్త్రీల కాన్పులు లెక్కకు వచ్చినవి. పదునెనిమిది గంటలకు మించిన కాన్పులు నూటికి 6.4 నుండి 3.4 కు తగ్గినవి. అత్యవసరంగా చేసిన సిజేరియన్‌లు 9.9 నుండి 8.3 కు తగ్గినవి. కోత పెరుగుతుందని భయపడినవారికి ఇది ఆశ్చర్యం కలిగించినది. కాగితం, పెన్సిలు, గడియారం, నేర్పుగల చేయి. ఖర్చు ఇంతే. అయినా నర్సు ఒక్కతే పదిమందిని చూడవలసినచోట ఈ పటం కాన్పయిన తరువాత నింపబడుతున్నదని తనిఖీలలో తెలిసినది. అటువంటి పటం రికార్డుకు పనికివస్తుంది, తల్లికి పనికిరాదు.

శాస్త్రంలో గీసిన రేఖ ఏదీ శాశ్వతం కాదు. గంటకు ఒక సెంటీమీటరు లెక్క ఆరోగ్యవంతులైన తల్లులందరికీ వర్తించదని, కొందరిలో కాన్పు నెమ్మదిగా సాగినా క్షేమంగానే ముగుస్తుందని తరువాతి పరిశోధనలలో తేలినది. 2018లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ లెక్కను సడలించినది. 2020లో విడుదలచేసిన కొత్త పటంలో వాలురేఖను తీసివేసి, ఒక్కొక్క సెంటీమీటరు వద్ద ఎంతసేపు వేచి ఉండవచ్చునో గంటలు నిర్ణయించినది. కాన్పు వేగంగా సాగే దశ ఐదు సెంటీమీటర్లతో మొదలౌతుందని అందులో ఉన్నది. గడియారం మాత్రం అలాగే ఉన్నది.

పటం ఆసుపత్రికి చేరినతల్లికి. చేరని తల్లి మాటేమిటి? 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆలస్యాన్ని మూడుగా విభజించి చూపినారు. పోదామని ఇంటిలో తీర్మానించడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరిన తరువాత ఆసుపత్రిలోనే ఆలస్యం. మొదటిదానిలో అత్తగారూ భర్తా ఉన్నారు, డబ్బున్నది, మంత్రసానిమీది నమ్మకమున్నది. రెండవది మనకు అపరిచితం కాదు. మన్యంలోని కొండగూడేలనుండి నిండుచూలాలిని డోలీలో కట్టి మోసుకొచ్చిన వార్తలు మన పత్రికలలో ఎన్నిసార్లు రాలేదు! 2005లో హైదరాబాదులో మొదలైన 108 వాహనాలు రోడ్డున్నంతవరకు ఈ దూరాన్ని తగ్గించినవి. రోడ్డు లేనిచోటికి మరొక ఉపాయం ఉన్నది: నొప్పులు రాకముందే తల్లిని ఆసుపత్రి దగ్గరికి చేర్చి, కాన్పు వరకు అక్కడే వసతి కల్పించడం. ఇథియోపియాలో ఇటువంటి వసతిగృహాలు చాలాకాలంగా ఉన్నవి. పార్వతీపురం మన్యం ప్రాంతంలోని సాలూరులోనూ గిరిజన గర్భిణులకోసం ఒకటి ఏర్పడినది.

అన్ని ఆలస్యాలూ జరిగిపోయినా ఇంకా ఒక చివరి అవకాశం ఉన్నది. అది చాలామందికి తెలియదు. కాన్పు చాలాసేపు అడ్డుపడిన తల్లికి మూత్రాశయంలో రబ్బరు గొట్టం అమర్చి పది పదునాలుగు రోజులు ఉంచితే మూత్రాశయం నిండక, నలిగిన గోడమీద ఒత్తిడి పడదు. నెత్తురు మరల ప్రసరిస్తుంది. చిన్న రంధ్రమైతే దానంతటదే పూడిపోవచ్చును. ఉత్తర నైజీరియాలో వాల్‌డైక్ అనే డచ్చి వైద్యుడు ఈ పద్ధతిని వందలాది స్త్రీలమీద వాడి ఫలితాలు ప్రకటించినాడు. ఏ చిన్న ఆసుపత్రిలోనైనా దొరికే గొట్టమది. తల్లి బ్రతికినదని అందరూ ఊపిరి పీల్చుకొనే ఆ కొద్దిరోజులలోనే దాని అవసరం.

ఆడిస్ అబాబాలోని ఆసుపత్రి 2007లో ప్రసూతి నర్సుల కళాశాలను తెరిచినది. హామ్లిన్ దంపతులు 1959లో వచ్చినది ఆ పనికే గదా. పల్లెలలోని బాలికలను ఎన్నుకొని, చదివించి, తిరిగి పల్లెలకే పంపుతారు. ఇక చికిత్స పూర్తియై ఇంటికి పోయే ప్రతి స్త్రీకీ అక్కడ కొత్త బట్టలు పెట్టి పంపడం ఆచారం. పుట్టింటినుండి పంపినట్లే పంపుతారు. వెళ్ళేటప్పుడు ఒక మాట చెబుతారు: మళ్ళీ కడుపు వస్తే నొప్పులకోసం ఎదురుచూడకుండా, నెలలు నిండకముందే ఆసుపత్రికి రమ్మని.